పాలిష్ పడకముందే కొనండి: పాత టేకు పుస్తకాల బీరువా కొనుక్కోవడం ఎలా

ఇన్‌స్టాగ్రామ్‌లో మిడ్ సెంచరీ మోడర్న్ పుస్తకాల బీరువా చూసి ముచ్చటపడి, కింద ధర చూసి ఫోను పక్కన పెట్టేసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బెంగళూరు, ముంబై షోరూముల్లో పెట్టి అమ్మే ఆ తరహా బీరువాలు విజయనగరం, శ్రీకాకుళం పాతిళ్ళలో ఇంకా ఉన్నాయి. వెనక వసారాలోనో, మేడమెట్ల కిందో, సగం పాత పేపర్లు, సగం పచ్చడి జాడీలతో నిండి ఉంటాయి. వాటిని కొనే విషయంలో నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. పాలిష్ పడకముందే కొనండి. మెరుగు పెట్టి కొట్లో నిలబెట్టిన బీరువాలో ఎక్కడ పుచ్చు ఉందో, ఎక్కడ లప్పం పెట్టారో అమ్మేవాడికి తప్ప ఎవరికీ తెలీదు. దుమ్ము పట్టి, గీతలు పడి ఉన్నదాంట్లో లోపాలన్నీ బయటికే కనిపిస్తాయి. ఏవి సరిచేయించుకోగలమో, ఏవి లేమో చూసుకుని బేరమాడొచ్చు.

ముందు, మీకు కావలసింది ఏదో తేల్చుకోండి

మిడ్ సెంచరీ మోడర్న్ అంటే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, ఇంచుమించు 1945 నుంచి 1970 దాకా వచ్చిన ఫర్నిచర్ తీరు. డెన్మార్క్‌లో పౌల్ కాడోవియస్ 1948లో గోడకు తగిలించే అరలు తయారుచేశాడు. స్వీడన్‌లో నిస్సే స్ట్రిన్నింగ్ 1949లో సన్నటి ఇనప ఊచల మీద పలకలు కూర్చోబెట్టాడు. జర్మనీ డిజైనర్ డీటర్ రామ్స్ 1960లో రూపొందించిన అరలు ఇవాళ్టికీ అమ్ముడవుతున్నాయి. మన దేశంలో అయితే చండీగఢ్. 1951 నుంచి 1965 దాకా అక్కడే ఉండి పనిచేసిన ఆర్కిటెక్ట్ పియర్ జన్నరే ఆఫీసులకీ, కాలేజీలకీ టేకుతో కుర్చీలు, బల్లలు, బీరువాలు చేయించాడు. అవి విదేశీ వేలంపాటల్లో లక్షలు పలకడంతో 2011లో కేంద్రం వాటి అమ్మకాలకూ ఎగుమతులకూ అడ్డుకట్ట వేసింది. కాబట్టి ఆన్‌లైన్‌లో ఎవరైనా "ఒరిజినల్ చండీగఢ్ పీస్" అని మీకు ఇంటికి పంపిస్తానంటే నమస్కారం పెట్టి తప్పుకోండి.

మన దగ్గర దొరికేవి ఏ డిజైనర్ గీసినవీ కావు. మన వడ్రంగులు చేసినవి. 1950లో శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. కలెక్టరేటు, కోర్టులు, కాలేజీలు, వాటి చుట్టూ ప్లీడర్లు, డాక్టర్లు, మేష్టార్లు. పుస్తకాలున్న ఇల్లు ప్రతిదానికీ ఒక అద్దాల బీరువా కావలసి వచ్చింది. ఇంటి దగ్గరే వడ్రంగిని కూర్చోబెట్టి, ఎవరింట్లోనో చూసిన మోడల్ చెప్పి చేయించుకున్న కాలం అది. విజయనగరం కోట చుట్టుపక్కల పాత కుటుంబాల్లో కనిపించే లతలు, సింహం కాళ్ళు చెక్కిన భారీ బీరువాలు అంతకు ముందు తరానివి. అందంగానే ఉంటాయి కానీ మనం వెతికేవి అవి కావు.

గుర్తులు చెప్తాను. చెక్కడపు పని ఉండదు, అన్నీ తిన్నటి గీతలే. కాళ్ళు కిందికి వచ్చేకొద్దీ సన్నబడతాయి, కొన్నిటికి కాస్త బయటికి వాలి ఉంటాయి, చివర ఇత్తడి తొడుగు ఉంటే మరీ మంచిది. తలుపులకి బదులు చట్రం లేని జారుడు అద్దాలు, వేలు పెట్టి లాగడానికి అద్దంలోనే గుంట. సొరుగుకి పిడి ఉండదు, పై అంచులో చిన్న కోత ఉంటుంది. అరలు ఇత్తడి బుడిపెల మీద కూర్చుని ఉంటాయి, పైకీ కిందికీ మార్చుకోవచ్చు. ఇవన్నీ ఒకేదాంట్లో ఉండాలని పట్టుబట్టకండి. మూడు కనిపిస్తే చాలు.

టేపు పట్టుకుని గోడా, పుస్తకాలూ కొలవండి

గోడ వెడల్పు, ఎత్తు అందరూ కొలుస్తారు. స్విచ్‌బోర్డు ఎక్కడుందో, తలుపు తెరిస్తే ఎక్కడిదాకా వస్తుందో, మెట్ల మలుపు ఎంతుందో కొలవడం మర్చిపోతారు. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్టు లోపలి కొలత కూడా రాసుకోండి. అయిదడుగుల బీరువా మూడో అంతస్తు మలుపులో ఇరుక్కుంటే కళాసీల కంటే మీకే ఎక్కువ టెన్షన్.

పుస్తకాల విషయానికొస్తే, మన తెలుగు నవలలు, కథల పుస్తకాలు ఎక్కువగా డెమీ సైజులో, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తులో ఉంటాయి. వాటికి పది అంగుళాల అర సరిపోతుంది. బైండు చేయించిన పత్రికలు, నిఘంటువులు, పిల్లల అట్లాసులు ఉంటే కింద ఒక్క అరైనా పన్నెండు, పదమూడు అంగుళాలు ఉండాలి. లోతు తొమ్మిది, పది అంగుళాలు మంచి కొలత. పదిహేను అంగుళాల లోతు ఉన్నదాన్ని పుస్తకాల కోసం చేయలేదు, గుడ్డలకో గిన్నెలకో చేశారు. అందులో పుస్తకాలు రెండు వరసలు పెడతారు, వెనక వరస ఏముందో మళ్ళీ ఎవరూ చూడరు.

బరువు లెక్క కూడా చూసుకోవాలి. వరసగా పేర్చిన పుస్తకాలు అడుగు పొడవుకి ఇంచుమించు పది కిలోలు తూగుతాయి. నాలుగడుగుల బీరువాలో నాలుగు అరలు నిండితే నూట అరవై కిలోలు. అర పలక వంగడంలో ఒక లెక్క ఉంది. పలక మందం రెట్టింపైతే వంగడం ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. ఆధారాల మధ్య దూరం రెట్టింపై, అడుగుకి అంతే బరువు పెడితే పదహారు రెట్లు పెరుగుతుంది. అందుకే ముప్పాతిక అంగుళం పలక మూడడుగులు దాటి, మధ్యలో ఆధారం లేకుండా ఉంటే నేను వెనక్కి తగ్గుతాను. మధ్యలో నిలువు పలక ఉన్న నాలుగడుగుల బీరువా అయితే బెంగ లేదు.

ఎక్కడ వెతకాలి

మొదటి చోటు కొట్టు కాదు, మనుషులు. మీకు తెలిసిన రిటైరైన మేష్టార్లని, పాత ప్లీడర్ల కుటుంబాలని, విశాఖకో హైదరాబాదుకో పిల్లల దగ్గరికి వెళ్ళిపోతూ ఇల్లు ఖాళీ చేసేవాళ్ళని అడగండి. శ్రీకాకుళంలో గుజరాతీపేట వైపు, విజయనగరంలో ఉల్లివీధి, కంటోన్మెంట్ వైపు పాత ఇళ్ళు అపార్ట్‌మెంట్లకి ఇస్తున్నారంటే, పడగొట్టే ముందే వెళ్ళి పలకరించాలి. పడగొట్టే కాంట్రాక్టర్ చేతికి వెళ్ళాక ద్వారబంధాలూ, దూలాలూ, బీరువాలూ అన్నీ ఒకే లారీలో పాత కర్ర అమ్మే అడితీకి చేరతాయి. అక్కడ మంచి బీరువాని విప్పి పలకలుగా అమ్మేస్తారు, ఎందుకంటే పలకలకి గిరాకీ ఉంటుంది. అడితీ యజమానితో పరిచయం పెట్టుకుని "బీరువా వస్తే విప్పకండి, ఒక్క ఫోను కొట్టండి" అని చెప్పి ఉంచితే ఆర్నెల్లకో ఫోను వస్తుంది.

ఇళ్ళకి వెళ్ళి కొనేటప్పుడు కొన్ని పద్ధతులు. వెళ్ళీ వెళ్ళగానే రేటు అడక్కండి. మంగళవారం, శుక్రవారం సామాను బయటికి ఇవ్వరు చాలామంది. ఆ రోజుల్లో చూసి రండి, తీసుకెళ్ళడం మాత్రం వేరే రోజు పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరూ ఒప్పుకున్నారా అని నెమ్మదిగా అడగండి. "మా నాన్నగారిది, నా ఇష్టం" అని తమ్ముడు అమ్మేశాక హైదరాబాదు నుంచి అక్కగారు ఫోను చేస్తే ఆ బీరువా మీ ఇంట్లో ఉన్నా మనశ్శాంతి ఉండదు. సొరుగుల్లో పాత దస్తావేజులు, ఫోటోలు, ఉత్తరాలు కనిపిస్తే ఎంచి వాళ్ళ చేతికే ఇచ్చేయండి.

ప్రభుత్వ ఆఫీసుల పాత సామాను వేలంలో పోతుంది. రైల్వేది ఇప్పుడు ఆన్‌లైన్ వేలం. ఇవి మామూలు కుటుంబానికి పనికొచ్చే దారి కాదు, గుట్టలు గుట్టలుగా కొనాలి. వేలంలో కొన్న వ్యాపారి దగ్గర విడిగా కొనుక్కోవడం మేలు. వెనక పలక మీద శాఖ పేరు, నంబరు ఉంటే మాత్రం వేలం రసీదు నకలు అడిగి తీసుకోండి. ఆ అక్షరాలు కాలం కూడా చెప్తాయి. బి.ఎన్.ఆర్. అని ఉంటే అది బెంగాల్ నాగపూర్ రైల్వే, 1952తో ఆ పేరు పోయింది. ఎస్.ఇ.ఆర్. అని ఉంటే సౌత్ ఈస్టర్న్ రైల్వే, 1955 తర్వాతది.

చూడ్డానికి వెళ్ళినప్పుడు

అసలు పని ఇక్కడే. జేబులో టేపు, టార్చి, ఒక పిన్నీసు, కాస్త దూది, చిన్న సీసాలో పాలిష్‌వాళ్ళు వాడే స్పిరిట్, ఒక పాత పేపరు పెట్టుకుని వెళ్ళండి. పగటిపూట వెళ్ళండి. "లోపల చీకటిగా ఉంది బాబూ, టార్చి వెయ్యండి" అని ఇంటివాళ్ళు అన్నా సరే, బీరువాని వెలుగులోకి జరిపించండి.

ముందువైపు చూడకండి. మొదట వెనకవైపుకి వెళ్ళండి. వెనక పలక గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి తేమ, చెదలు మొదట తగిలేది దానికే. మట్టి గీత సన్నగా పాకి ఉంటే చెదలు వచ్చిన దారి. గీత ఎండి రాలిపోతుంటే పాతది, తడిగా ఉంటే లోపల ఇంకా పని జరుగుతోంది. వెనక ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉన్నా, ఎవరో తర్వాత హార్డ్‌బోర్డు కొట్టినా నేను పట్టించుకోను. అది మార్చుకోవడం ఒక పూట పని. పక్క పలకల వెనక అంచు మెత్తబడి ఉంటే మాత్రం ఆగి ఆలోచించండి.

తర్వాత కాళ్ళు. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఎన్నో ఇళ్ళలో సామాను తడిసింది. నీళ్ళలో నిలబడ్డ బీరువా కాళ్ళన్నిటికీ ఒకే ఎత్తులో నల్లటి చార ఉంటుంది. టేకు అయితే ఆ చార ఒక్కటే మిగులుతుంది, కర్ర నిలబడుతుంది. ప్లైవుడ్ మీద వినీర్, అంటే పల్చటి కర్ర పొర, అంటించినదైతే ఆ ఎత్తు దాకా పొర ఉబ్బి ఉంటుంది. కాలి అడుగున పిన్నీసు గుచ్చండి. గట్టి కర్రలో మొన కూడా దిగదు. సులువుగా దిగిందంటే ఆ కాలు పోయినట్టే.

ఇప్పుడు సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేయండి. పాలిష్‌వాడు, రంగువాడు ముట్టని చోటు అది. కర్ర అసలు రంగు అక్కడే తెలుస్తుంది. ముందు పలక, పక్క పలక కలిసిన మూల చూడండి. రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు పళ్ళు పళ్ళుగా కోసి బిగించి ఉంటే మంచి వడ్రంగి చేసినది. ఆ పళ్ళు అన్నీ ఒకే కొలతలో లేకపోతే ఇంకా సంతోషించండి, చేత్తో కోసినవి. ఉత్త మేకులు కొట్టి ఉంటే చవక పని, లేదా తర్వాతి రిపేరు. సొరుగు అడుగున పరిచిన పాత పేపరు ఉంటే చింపకుండా తేదీ చదవండి. 1962 నాటి ఆంధ్రపత్రిక అక్కడ పసుపు రంగులో అతుక్కుపోయి కనిపించిందంటే బీరువా అప్పటికే ఉందనడానికి బలమైన ఆధారం. ఇలాంటిది ఇంటివాళ్ళు చెప్పే "మా తాతగారి కాలం" కంటే గట్టిది.

మరమేకుల తల కూడా చూడండి. తల మీద ఒకే గాటు, అంటే మైనస్ గుర్తు ఉంటే పాతవి. ప్లస్ గుర్తు ఉంటే అది తర్వాత విప్పి బిగించిన చోటు. ఒకటి రెండు చోట్ల ప్లస్ ఉండటం సహజం, అరవై ఏళ్ళలో ఎవరో బందు మార్చి ఉంటారు. అన్నీ ప్లస్ అయితే బీరువా పాతదని నమ్మకండి.

పురుగు సంగతి. చెక్క మీద గుండుసూది తల పాటి రంధ్రాలు ఉంటే కంగారు పడక్కర్లేదు. పురుగు ఇప్పుడు ఉందా, ఎప్పుడో పోయిందా అన్నది ముఖ్యం. పేపరు కింద పరిచి, ఆ రంధ్రాల పక్కన అరచేత్తో గట్టిగా తట్టండి. తెల్లటి మెత్తటి పొడి రాలితే పురుగు బతికే ఉండొచ్చు. రంధ్రం లోపల లేత రంగులో ఉంటే కొత్తది, మురికి పట్టి నల్లబడితే పాతది. అనుమానం తీరకపోతే కొత్త పేపరు పరిచి వచ్చేసి, మర్నాడు మళ్ళీ వెళ్ళి చూడండి. ఈ పురుగు టేకులో చేవ, అంటే లోపలి ముదురు కర్ర, జోలికి రాదు, అంచుల్లో ఉండే తెల్లచెక్కనే తింటుంది. కాబట్టి రంధ్రాలు తెల్లటి చార వెంటే ఉంటే మందు ఎక్కించి వాడుకోవచ్చు. పలకంతా ఉంటే అది టేకు కాకపోవచ్చు.

ఆ మాటకొస్తే, ఏ కర్ర? మన ప్రాంతంలో అమ్మేవాళ్ళందరి బీరువాలూ "రంగం టేకు"వే, అంటే రంగూన్ నుంచి వచ్చిన బర్మా టేకు. పూర్వం ఈ తీరం నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళి వచ్చినవాళ్ళు లేని ఊరు తక్కువ కాబట్టి ఆ కథ వినసొంపుగానే ఉంటుంది. బర్మా టేకో, మన ఏజెన్సీ టేకో చూపుతో తేల్చడం కష్టం, ఆ పేరుకి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వొద్దు. టేకో కాదో తేల్చుకుంటే చాలు. టేకు చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది, సొరుగు అడుగున గోరుతో గీరి వాసన చూస్తే తోలు లాంటి ఘాటు ఉంటుంది. దాన్ని తలపించే కర్ర పనస. బొబ్బిలి వీణ చేసేది పనస కర్రతోనే, అంటే తీసిపారేసే కర్ర కాదు. కొత్తలో పసుపుపచ్చగా ఉండి, ఏళ్ళు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకి వస్తుంది. పనస బీరువాని టేకు రేటుకి కొనకండి, పనస అని వదిలేయనూ వద్దు. ముదురు ఊదా రంగు చారలతో, ఎత్తడానికి నలుగురు కావలసినంత బరువుంటే ఇరుగుడు, అంటే రోజ్‌వుడ్, కావచ్చు. మామిడి అయితే దాటి వెళ్ళిపోండి.

వినీర్ అంటే నకిలీ అని మన దగ్గర గట్టి నమ్మకం. డెన్మార్క్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన పేరున్న బీరువాల్లో చాలావాటికి పైన ఉన్నది పల్చటి టేకు పొరే. మన పాతవాటిల్లో నిండు కర్ర ఎక్కువ. ఏదో తెలియాలంటే పై పలక చివర చూడండి. పైనున్న గీతలు అంచు మీదికి కొనసాగి, చివర కోసిన కర్ర కళ్ళు కనిపిస్తే నిండు పలక. అంచుకి విడిగా పట్టీ అంటించి ఉంటే వినీర్. వినీర్‌ది కొనొచ్చు, ఎక్కడా లేచిపోకుండా ఉంటే. ఇంటికి తెచ్చాక ఉప్పుకాగితం మాత్రం దగ్గరికి రానివ్వకండి, పొర అరిగి కింద ప్లైవుడ్ బయటపడుతుంది.

ఇక నిలబడే తీరు. పై మూలలు రెండు చేతులతో పట్టుకుని పక్కకి మెల్లగా ఊపండి. కాస్త కదిలితే జిగురు వదిలిందని అర్థం, అది బాగవుతుంది. ఊగుతూ కిర్రుమంటే కీలే పోయింది. ముందువైపు ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకి, కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకి టేపు పెట్టండి. రెండు కొలతలూ ఒకటైతే బీరువా తిన్నగా ఉంది. అర అంగుళం దాటి తేడా ఉంటే జారుడు అద్దాలు ఎప్పటికీ సరిగ్గా నడవవు.

అద్దాన్ని పైకెత్తి, కింది అంచు మీవైపు లాగితే గాడిలోంచి బయటికి రావాలి. పైగాడి లోతుగా, కిందగాడి తక్కువ లోతుగా ఉండేది అందుకే. రాకపోతే గాడిలో మేకో రంగో అడ్డుపడి ఉంటుంది. అద్దం పగిలి ఉంటే అదృష్టం అనుకోండి. ధర తగ్గించమనడానికి అంతకంటే మంచి వంక దొరకదు, అద్దాల కొట్లో కొలత ఇస్తే సాయంత్రానికి కోసి ఇస్తారు.

చివరగా స్పిరిట్. దూది తడిపి కనిపించని చోట రుద్దండి. రంగు దూదికి అంటి, చెక్క జిగటగా అయితే పాతకాలపు లక్క పాలిష్, అంటే ఎవరూ ముట్టుకోని సరుకు. ఏమీ కాకపోతే తర్వాత ఎప్పుడో వేసిన కొత్తరకం పూత. ఆకుపచ్చ, ఊదా ఎనామిల్ రంగు కొట్టి ఉన్నవి కూడా దొరుకుతాయి, కింద మంచి టేకు ఉంటుంది, చవకగా వస్తాయి. అయితే ఇళ్ళ రంగుల్లో సీసం మీద మన దేశంలో గట్టి నిబంధన అమల్లోకి వచ్చింది 2017లోనే. అందుకని పాత రంగుని ఇంట్లో పొడిగా గీకించకండి. పిల్లలు లేని చోట, ఆరుబయట, తడిపి, ధూళి ఆపే మాస్కు పెట్టుకుని చేయించండి.

రేటు ఎలా కట్టాలి

ఎంత ఇవ్వాలో నేను అంకె చెప్పలేను, చెప్పినా వచ్చే నెలకి మారిపోతుంది. లెక్క మాత్రం చెప్తాను. అడితీలో పాత టేకు ఘనపుటడుగు ఎంతుందో ముందు కనుక్కోండి. ఇప్పుడు నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు, అడుగు లోతు బీరువా అనుకుందాం. పక్క పలకలు రెండు కలిపి పది చదరపు అడుగులు. పైది, కిందిది, మధ్య అరలు మూడు కలిపి ఇరవై. మొత్తం ముప్పై చదరపు అడుగులు, ముప్పాతిక అంగుళం మందం. అంటే రెండు ఘనపుటడుగులకి కొంచెం తక్కువ. కాళ్ళు, సొరుగులు కలిపితే రెండు దాటుతుంది. ఆ రెండింటికీ అడితీ రేటు కడితే వచ్చేది కర్ర ధర. విప్పి పలకలుగా అమ్మినా వాళ్ళకి వచ్చేది అదే కాబట్టి అంతకంటే తక్కువకి ఎవరూ ఇవ్వరు, అడగడం మర్యాదా కాదు. దానిపైన మీరిచ్చేది పనితనానికి. మీ వడ్రంగిని అలాంటిది కొత్తగా చేయడానికి కూలి ఎంతంటాడో అడగండి. కర్ర ధర, కొత్త కూలి కలిపిన మొత్తానికి లోపల ఎక్కడ తెగినా మీకు నష్టం లేదు.

వ్యాపారి దగ్గర బేరం ఇలా నడుస్తుంది.

"తాతలనాటిది బాబూ, రంగం టేకు. ఇప్పుడు చెయ్యమంటే చెయ్యగలరేటి?"

"చెయ్యలేరు బాబూ, అందుకే వచ్చాం. ముందు కర్ర లెక్క కట్టి చెప్పండి. పనితనం సంగతి విడిగా మాట్లాడుకుందాం."

అలా విడగొట్టి అడిగితే అవతలివాళ్ళకి మీకు లెక్క తెలుసని అర్థమవుతుంది, కథలు తగ్గుతాయి. వెనక పలక, పగిలిన అద్దం, ఒక కాలు రిపేరు, వీటికయ్యే ఖర్చు అక్కడే చెప్పి తగ్గించమనండి. "పాలిష్ పెట్టించి ఇస్తాం, రెండు వేలు ఎక్కువివ్వండి" అంటే వద్దనండి. ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వమనండి. ఇంటివాళ్ళ దగ్గర మాత్రం ఇంత లెక్కలు తీయకండి. అక్కడ కర్ర లెక్క మనసులో ఉంచుకుని, "పుస్తకాలకే వాడతామండీ, విప్పం" అనండి. ఆ ఒక్క మాటకి రేటు తగ్గించినవాళ్ళు ఉన్నారు, ముఖ్యంగా ఇంట్లో పెద్దావిడ ఉంటే.

ఇంటికి చేర్చడం

అద్దాలు ముందే తీసి, పాత దుప్పట్లో చుట్టి, మీ కారులోనో ఒళ్ళోనో పెట్టుకు రండి. ఏ అర ఏ వరసదో అడుగున పెన్సిల్‌తో అంకె వేయండి. చేతిపని కదా, ఒక్కో అర ఒక్కో చోటే సరిగ్గా కూర్చుంటుంది. ఇత్తడి బుడిపెలు పొట్లం కట్టి జేబులో వేసుకోండి, ఇవి పోతే జత దొరకవు. సన్నకాళ్ళ బీరువాని నేలమీద ఈడ్చారంటే కాలు విరుగుతుంది. ఇద్దరు కళాసీలు కింది చట్రం పట్టుకుని ఎత్తాలి, పై పలక పట్టుకుని కాదు. ట్రాలీ ఆటోలో బొంతలు పరిచి వెల్లకిలా పడుకోబెట్టండి. తాడు బిగించే మూలల్లో గుడ్డ పెట్టండి.

ఇంట్లో మొదటి నెల

వచ్చిన రోజే పుస్తకాలు సర్దేయకండి. పురుగు అనుమానం ఉన్నవాటికి ఇంజక్షన్ సిరంజితో రంధ్రాల్లోకి చెదలమందు ఎక్కించి, మైనంతో మూసి, నీడలో పది రోజులు ఉంచండి. మన ఎండలో పడేస్తే పురుగు సంగతేమో కానీ పలకలు నెర్రెలిస్తాయి. మామూలు మురికికి సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ, వెంటనే పొడిగుడ్డ. ఆ రెండు గుడ్డలతో తుడిచాక చూస్తే చాలా బీరువాలకి పాలిష్ అక్కర్లేదనిపిస్తుంది.

ఇంకా వెలిసిపోయినట్టుంటే రంగుల కొట్లో దొరికే అవిసె నూనె పల్చగా రుద్ది, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేయండి. వేరుశనగ నూనె, కొబ్బరినూనె వద్దు, జిడ్డు పేరుకుని దుమ్ము పట్టేస్తుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళలో తడిపి, బయట పరిచి ఆరబెట్టండి. పాలిష్‌వాడిని పిలిచితీరాలంటే లక్క పాలిష్ చేయమని, రంగు కలపొద్దని, లప్పం పెట్టొద్దని ముందే చెప్పి, మొదటి పూట పక్కనే కూర్చోండి. వాళ్ళకి తెలిసిన అందం అద్దంలా మెరవడం. అది మనకి అక్కర్లేదు.

గోడకి రెండు అంగుళాలు ఎడంగా పెట్టండి. బాత్‌రూమ్ గోడకి, వానజల్లు కొట్టే గోడకి ఆనించకండి. బరువు పుస్తకాలు కింద, తేలికవి పైన. పిల్లలున్న ఇల్లయితే పై వెనక మూలల్లో ఎల్ ఆకారపు బిళ్ళలు పెట్టి గోడకి బిగించండి. సన్నకాళ్ళ బీరువా ముందుకి తూలితే ఆపడం పెద్దవాళ్ళ వల్ల కూడా కాదు. అర కొంచెం వంగి ఉంటే తిరగేసి పెట్టండి, పుస్తకాల బరువుకి మెల్లగా తిన్నబడుతుంది.

మొదటి వానాకాలంలో సొరుగు బిగిసిపోతుంది. కర్ర తేమ పీల్చి ఉబ్బడం వల్ల అది, లోపం కాదు. ఆషాఢంలో వడ్రంగిని పిలిచి అంచులు చిత్రిక పట్టిస్తే వేసవిలో ఆ సొరుగు వదులై గలగలమంటుంది. అంచులకి కొవ్వొత్తి రుద్ది అప్పటికి నడిపించండి. తుపాన్ల కాలం దాటి, సంక్రాంతి వెళ్ళాక కూడా బిగువుగానే ఉంటే అప్పుడు పిలవండి.